రోజుకు 700 కేలరీలే తింటున్నా బరువు ఆగిపోయిందా? అక్కడి నుంచి బయటపడే దారి, అడుగడుగునా

మే నెల, విజయవాడ ఎండలు. ఇంట్లో అందరూ కూలర్ ముందు చేరితే నేను సాక్సులు వేసుకుని కూర్చున్నాను. కంచం అందిస్తుంటే నా వేళ్లు తగిలి మా అత్తయ్య ఉలిక్కిపడింది. "ఏంటమ్మా, చేతులు ఇంత చల్లగా ఉన్నాయి? ఒంట్లో బాగానే ఉందా?" అంది. అప్పటికి తొమ్మిది వారాలుగా రోజుకు 700 కేలరీలని లెక్క రాసుకుంటూ బతుకుతున్నాను. మొదటి నెలలో ఆరు కిలోలు తగ్గాను. తర్వాత ఇంకో కిలో. ఆ తర్వాత పంతొమ్మిది రోజులు కాటా మీద అంకె కదల్లేదు. నెలసరి రెండుసార్లు తప్పింది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది.

"ఇంకా తగ్గించు, 500 చెయ్యి" అని ఒకరు. "నీ మెటబాలిజం చచ్చిపోయింది, ఇక ఏం చేసినా తగ్గవు" అని ఇంకొకరు. మెటబాలిజం అంటే ఒళ్లు కేలరీలు ఖర్చు చేసే తీరు. రెండు మాటలూ తప్పేనని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అదే గుంటలో ఉన్నవాళ్లకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు: ఎవరు సొంతంగా చేయకూడదు

ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, తిన్నది కావాలని కక్కేసే అలవాటు లేదా తిండంటేనే భయం ఉన్నవాళ్లు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బాగా బక్కచిక్కి, చాలా రోజులుగా దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్లు ఒక్కసారిగా కడుపునిండా తినడం కూడా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ఉన్నట్టుండి పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు. అలాంటివాళ్లకు తిండి పెంచే పని ఆసుపత్రిలోనే జరగాలి.

ఒంట్లో ఏం జరుగుతోందో ముందు అర్థం చేసుకోండి

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గాయంటే అది చాలావరకు కొవ్వు కాదు. కాలేయంలో, కండరాల్లో సుమారు 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచుకునే చక్కెర, నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ఆ నిల్వ ఖాళీ అవుతుంది, నీళ్లు బయటికి పోతాయి. మనం మురిసిపోయేది ఆ నీళ్లను చూసే. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. ఎంత కడుపు మాడ్చుకున్నా వారంలో రెండు కిలోల కొవ్వు పోవడం మామూలు మనిషికి అయ్యే పని కాదు.

తర్వాత ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ కొద్ది రోజుల్లోనే, తగ్గిన కొవ్వుకు మించి పడిపోతుంది. మెదడు దాన్ని కరువు కబురులా తీసుకుంటుంది. థైరాయిడ్ నుంచి వచ్చే టీ4 అనే హార్మోన్, చురుకైన టీ3గా మారడం తగ్గుతుంది. అందుకే చలి, నీరసం. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. మనకు తెలియకుండానే కదలిక తగ్గిపోతుంది. మెట్లు ఎక్కేవాళ్లం లిఫ్ట్ కోసం నిలబడతాం. లేచి తెచ్చుకునే నీళ్ల సీసాను పిల్లల చేత తెప్పించుకుంటాం. నాకైతే మాట్లాడేటప్పుడు చేతులు ఊపే అలవాటు కూడా పోయిందని మా ఆయన తర్వాత చెప్పారు. ఒంటి కేలరీల ఖర్చు తగ్గడంలో పెద్ద వాటా ఈ చిన్న చిన్న కదలికలదే కావచ్చు.

దీన్ని అన్నిటికన్నా స్పష్టంగా చూపించింది అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం చేసిన ప్రయోగం. 1944 నవంబర్‌లో మొదలైంది. యుద్ధంలో తుపాకీ పట్టబోమన్న 36 మంది యువకులు, కరువులో ఉన్న యూరప్ జనానికి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి తమ శరీరాలను అప్పగించారు. 24 వారాల పాటు వాళ్లకు ఇచ్చింది రోజుకు సుమారు 1,570 కేలరీలు. ఆ అంకె మరోసారి చూడండి. మనం డైట్ పేరుతో తినేదానికి అది రెట్టింపు! వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు కూడా. వాళ్ల బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంటికి అయ్యే ఖర్చు సుమారు 40 శాతం పడిపోయింది. ఒళ్లు చిన్నదైనందుకు కొంత, అంతకు మించిన పొదుపు కొంత. ఎండాకాలంలోనూ చలి అన్నారు. కంచాలు నాకారు. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు. అర్ధరాత్రి ఒంటిగంటకు గుత్తివంకాయ వీడియోలు చూస్తూ పడుకున్న నేను, ఈ సంగతి చదివి ఫోన్ పక్కన పెట్టి ఏడ్చాను. అప్పటిదాకా అది నా బలహీనత అనుకున్నాను.

ఇదే ప్రయోగం ఇంకో అపోహను కూడా తీసేస్తుంది. తక్కువ తింటే మెటబాలిజం ఆగిపోయి బరువు పెరుగుతారన్నది నిజం కాదు. వాళ్ల బరువు పెరగలేదు, తగ్గింది. ఒళ్లు ఖర్చు తగ్గిస్తుంది గానీ సున్నా చేయదు. మరి బరువు ఎందుకు ఆగుతుంది? ఒకటి, ఖర్చు తగ్గి లోటు చిన్నదవుతుంది. రెండు, ఒత్తిడి వల్ల ఒంట్లో నీరు చేరి, పోయిన కొవ్వును కాటా మీద కప్పేస్తుంది. మిన్నెసోటా యువకులకూ కాళ్లు వాచాయి. మూడోది ఎవరూ ఒప్పుకోనిది. అది మొదటి అడుగులోనే ఉంది.

1వ అడుగు: నిజంగా ఎంత తింటున్నారో ఏడు రోజులు తూకం వేయండి

ఏమీ మార్చకండి. ఎలా తింటున్నారో అలాగే తినండి, కానీ వంటింటి కాటా మీద తూచి రాయండి. గ్రాముల కాటా కూరగాయల ఖర్చు కన్నా పెద్ద ఖర్చేమీ కాదు.

నేను మొదటి రోజే చూసింది నూనె. అత్తయ్య బెండకాయ వేపుడికి సీసా నుంచి ఒంపుతుంటే మూకుడును కాటా మీద పెట్టమన్నాను. 40 గ్రాములు. నలుగురం తింటాం, తలా పది గ్రాములు, అంటే ఒక్కొక్కరికి నూనెతోనే 90 కేలరీలు. నా డైరీలో ఆ కూర మొత్తానికి రాసుకున్నది 60. ఇక ఉప్పు చూసిన గరిటెలు, బాబు కంచంలో మిగిలిన పెరుగన్నం, ఆఫీసులో ఎవరో పంచిన పూతరేకు సగం. ఆదివారం కథ వేరు. ఆరు రోజులు బిగబట్టినందుకు ఆ రోజు బిరియానీ, సాయంత్రం మిర్చి బజ్జీలు. లెక్క తేలింది ఇలా: ఆరు రోజులు సుమారు 950, ఆదివారం 2,200. సగటున రోజుకు 1,130. నేను 700 మీద ఉన్నానని ప్రమాణం చేసి చెప్పేదాన్ని. అబద్ధం ఆడలేదు, నాకే తెలీదు.

ఇది నా ఒక్కదానికే కాదు. 1992లో అమెరికాలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న పది మందిని ప్రయోగశాలలో కొలిచారు. వాళ్ల మెటబాలిజం మామూలుగానే ఉంది. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారు. చేసిన శ్రమను 51 శాతం ఎక్కువ చేసి చెప్పారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మరీ తక్కువ అంకె కాగితం మీదే నిలుస్తుంది. ఆకలి మిగతాది కన్నుగప్పి తెచ్చుకుంటుంది.

2వ అడుగు: మీ అంకె మీరు కట్టుకోండి

పక్కింటావిడ అంకె మీకు పనికిరాదు. విశ్రాంతిలో ఒంటికి కావాల్సిన కేలరీలను లెక్కగట్టే మిఫ్లిన్ సూత్రం ప్రకారం బరువు కిలోలను 10తో, ఎత్తు సెంటీమీటర్లను 6.25తో గుణించి కలపండి. వయసును 5తో గుణించి తీసేయండి. ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయండి, మగవాళ్లయితే 5 కలపండి.

అప్పటి నా లెక్క: 72 కిలోలు, 158 సెంటీమీటర్లు, 34 ఏళ్లు. 720కి 987 కలిపి, 170, 161 తీస్తే సుమారు 1,376. మంచం దిగకుండా పడుకున్నా నా గుండె, మెదడు, కాలేయం, కిడ్నీలు నడవడానికి కావాల్సింది అంత. నేను పెట్టుకున్న 700 అందులో సగం. కూర్చుని పనిచేసేవాళ్లు దీన్ని 1.4తో గుణించాలి. నాకు సుమారు 1,930 వచ్చింది. ఈ సూత్రం పాశ్చాత్యులను కొలిచి కట్టింది. మన ఒళ్లకు నిజమైన ఖర్చు కాస్త తక్కువ ఉండొచ్చు. అందుకని వచ్చిన అంకెను వేదవాక్కు అనుకోకుండా, మొదలుపెట్టే చోటు అనుకోండి.

దాంట్లోంచి 300 నుంచి 500 తీసేయండి. నేను 1,500 పెట్టుకున్నాను. విశ్రాంతి ఖర్చు కన్నా కిందికి వెళ్లకపోవడం నేను పాటించే గీత. ఇది శాస్త్రం గీసిన గీత కాదు, నా అనుభవం గీసింది. దాని కింద నేను ఎప్పుడూ మనిషిలా లేను.

3వ అడుగు: వారానికి 150 కేలరీల చొప్పున పెంచండి, కాటాను చూసి భయపడకండి

ఒంటికి ఇంత నిదానం అక్కర్లేదు, ఒకేసారి పెంచినా చాలామందికి ఏమీ కాదు. నిదానం కావాల్సింది మనసుకి. పెంచిన మొదటి పది రోజుల్లో కిలో, కిలోన్నర పెరుగుతుంది. గ్లైకోజెన్, దాని నీరు తిరిగి వస్తున్నాయి, పేగుల్లో తిండి కాస్త ఎక్కువ ఉంది, అంతే. చాలామంది సరిగ్గా ఇక్కడే బెదిరి మళ్లీ 700కి పరుగెత్తుతారు. ఆ పది రోజులు కాటాను అటక మీద పెట్టేయండి. నేను పెట్టేశాను.

మొదటి వారం పెంచే 150 మొత్తం ప్రొటీన్ బాగా ఉన్న తిండి నుంచే రానివ్వండి. రెండు ఉడకబెట్టిన గుడ్లు చాలు. రెండో వారం పప్పు, పెరుగు పెంచండి. మూడో వారం అన్నం.

ఆదివారం బిరియానీ మానకండి. ఆరు రోజులు సరిపడా తింటే ఆదివారం దానంతట అదే చిన్నదవుతుంది. నాకు నాలుగో వారానికి ఒక ప్లేటు పూర్తి కాలేదు.

4వ అడుగు: ప్రొటీన్‌ను ముందు పెట్టి కంచం సర్దండి

మరీ తక్కువ తిన్నప్పుడు తగ్గిన బరువులో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, కొవ్వు కాని భాగం పోతుంది. అందులో కండరం కూడా ఉంటుంది. తిరిగి పెరిగేటప్పుడు మాత్రం కొవ్వు ముందు పరుగెత్తి వస్తుంది. మిన్నెసోటా యువకుల్లోనూ అదే జరిగింది. ఒక్క మాట సరిదిద్దుకోవాలి: కిలో కండరం విశ్రాంతిలో ఖర్చు చేసేది రోజుకు సుమారు 13 కేలరీలే. జిమ్ములో చెప్పినట్టు అదేమీ కొలిమి కాదు. కానీ అరవై ఏళ్లకు కింద కూర్చుని లేవాలన్నా, తిన్న చక్కెర ఒంట్లో సర్దుకోవాలన్నా కండరం కావాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతుంది. బరువు తగ్గుతున్నప్పుడు కండరం కాపాడుకోవాలంటే 1.2 దాకా వెళ్లడం మంచిది. నాకు అది సుమారు 85 గ్రాములు. మన ఇళ్లలో రెండు పూటలా అన్నం, నీళ్ల చారు, ఒక కూరతో సరిపెడితే అందులో సగం కూడా రాదు.

నా కంచం ఇలా కుదిరింది. పొద్దున రెండు ఇడ్లీలు, రెండు గుడ్లు, చెంచా పల్లీ చట్నీ. మధ్యాహ్నం 150 గ్రాముల అన్నం (ఉడికాక తూచింది), 40 గ్రాముల కందిపప్పుతో గట్టి ముద్దపప్పు లేదా పాలకూర పప్పు, చెంచా నూనెతో కూర, చిన్న గిన్నెడు పెరుగు. సాయంత్రం పిడికెడు ఉడికించిన శనగలు, ఒక కాఫీ. రాత్రి రెండు పుల్కాలు, 150 గ్రాముల చికెన్. కలిపితే సుమారు 1,450 కేలరీలు, 84 గ్రాముల ప్రొటీన్. శాకాహారులు చికెన్ బదులు 50 గ్రాముల మీల్‌మేకర్ వేసుకోవచ్చు, 26 గ్రాములు వస్తుంది. గుడ్లు తిననివాళ్లు ఇడ్లీ తీసేసి పెసరట్టు, దాని మీదికి కాస్త పనీర్ పెట్టుకోవాలి.

అన్నం పూర్తిగా మానాలా అని అడిగేవాళ్లకు: అక్కర్లేదు. కంచంలో ముందు పప్పు, కూర వడ్డించుకుని, మిగిలిన చోటులో అన్నం పెట్టుకోండి. తేడా వచ్చేది అక్కడే.

5వ అడుగు: బరువులు ఎత్తండి, నడవండి

వారానికి మూడు రోజులు, అరగంట. కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి తోయడం, రెండు చేతులా నీళ్ల బకెట్లు పట్టుకుని వరండాలో నడవడం. నెల తిరిగేసరికి బకెట్‌లో నీళ్లు పెంచండి. కండరాన్ని వాడుతుంటే ఒళ్లు దాన్ని తేలిగ్గా వదులుకోదు. నడక వేరే పని చేస్తుంది: పస్తుల కాలంలో మాయమైన కదలికలను తిరిగి తెస్తుంది. తిన్నాక పదిహేను నిమిషాలు చాలు. గంటలు గంటలు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి ఆకలి పెంచుకోవద్దు.

6వ అడుగు: కాటాను చదవడం నేర్చుకోండి

రోజూ పొద్దున్నే తూచండి, కానీ ఆ రోజు అంకెను నమ్మకండి. ఏడు రోజుల సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. ఆవకాయ తిన్న మర్నాడు, నెలసరికి ముందు వారం, రాత్రి సరిగ్గా నిద్రపోనప్పుడు అరకిలో నుంచి కిలోన్నర దాకా నీరు చేరుతుంది. ఆడవాళ్లు ఈ నెలసరి తర్వాతి మూడో వారాన్ని పోయిన నెలసరి తర్వాతి మూడో వారంతో పోల్చుకుంటేనే నిజం తెలుస్తుంది. టేపుతో నడుము కూడా కొలవండి. మనవాళ్లకు నడుము ఆడవాళ్లలో 80, మగవాళ్లలో 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు.

వారానికి 300 నుంచి 500 గ్రాములు తగ్గితే అద్భుతంగా వెళ్తున్నట్టే. మూడు వారాల సగటు కదలకపోతే అప్పుడు ఒక్క మార్పు చేయండి: మళ్లీ నాలుగు రోజులు తిండిని తూకం వేయండి. దాదాపు ప్రతిసారీ తేడా నూనె సీసా దగ్గరే దొరుకుతుంది. అక్కడ తేడా లేకపోతే 100 కేలరీలు తగ్గించండి లేదా ఇరవై నిమిషాల నడక కలపండి. రెండూ ఒకేసారి వద్దు.

ఏకాదశి సంగతి, 800 కేలరీల వైద్యం సంగతి

ఏకాదశి ఉపవాసం, కార్తీక సోమవారం, రోజా వీటి గురించి భయం వద్దు. ఒకటి రెండు రోజుల పస్తుకు మెటబాలిజం పడిపోదు. నేను చెబుతున్నదంతా వారాల తరబడి సాగే అర్ధాకలి గురించి.

రోజుకు 800 కేలరీల లోపు డైట్ వైద్యంలో నిజంగానే ఉంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు దాదాపు ఆ స్థాయిలోనే, 825 నుంచి 853 కేలరీల పానీయాలను మూడు నుంచి ఐదు నెలలు ఇచ్చింది. ఏడాదికి 46 శాతం మందిలో మందులు లేకుండానే షుగర్, జబ్బు అనే గీత కిందికి వచ్చింది. కానీ అక్కడ విటమిన్లు, ఖనిజాలు కలిపిన తిండి, బీపీ, షుగర్ మందులను మార్చే వైద్యులు, తర్వాత నెలల తరబడి తోడుండే మనుషులు ఉన్నారు. ఇంట్లో రెండు కీరాలు, గ్లాసు మజ్జిగతో చేసేది అది కాదు. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు కూడా పడొచ్చు. కుడి డొక్కలో నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ అనుకుని కూర్చోవద్దు.

7వ అడుగు: డాక్టర్‌తో ఇవి చూపించుకోండి

మూడు నెలలు నెలసరి రాకపోతే గైనకాలజిస్టును కలవండి. లేచి నిలబడితే కళ్లు తిరగడం, గుండె దడ, స్పృహ తప్పడం ఉంటే అదే రోజు వెళ్లండి. రక్త పరీక్షల్లో థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లోని ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి గురించి అడగండి. "తక్కువ తింటున్నాను" అని నోరు తెరిచి చెప్పండి. నేను మొదటిసారి చెప్పలేదు, జుట్టుకు నూనె రాసిచ్చి పంపించారు. తిండి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మొదలవుతుంది కాబట్టి ఆ రెండిటికీ లంకె డాక్టర్‌కైనా మనం చెబితేనే తెలుస్తుంది. తిండి పెంచాక కూడా కొన్నాళ్లు రాలుతుంది. ఆరు నెలలు ఓపిక పట్టండి.

8వ అడుగు: అనుకున్న బరువు వచ్చాక

అమెరికాలో ఒక టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించారు. వాళ్ల ఒంటి బరువుకు ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చవుతున్నాయి. అది విపరీతమైన వేగంతో, రోజూ గంటల వ్యాయామంతో తగ్గినవాళ్ల సంగతి. మనలాంటివాళ్లకు తేడా చాలా తక్కువే ఉంటుంది, కానీ కొంత ఉంటుంది. 62 కిలోల మనిషిగా మారిన నేను, ఎప్పుడూ 62లోనే ఉన్న మా ఆడపడుచు తిన్నంత తినలేకపోవచ్చు.

అందుకని లక్ష్యం చేరిన రోజు లెక్క వదిలేయకండి. వారానికి 100 చొప్పున పెంచుకుంటూ వెళ్లి, నాలుగు వారాల సగటు నిలకడగా ఉన్న చోట ఆగండి. నాకు అది 1,750 దగ్గర ఆగింది. నిలబెట్టుకునే బరువుకు పైన రెండు కిలోల గీత పెట్టుకోండి. సగటు ఆ గీత దాటితే ఏడు రోజులు మళ్లీ వంటింటి కాటా కిందికి దించి తిండిని తూచడమే, పస్తు కాదు. నేను ఆ గీత ఇప్పటికి రెండుసార్లు దాటాను. ఒకసారి సంక్రాంతి అరిసెలకు, ఒకసారి మామిడిపళ్ల కాలంలో. రెండుసార్లూ ఆరు వారాల్లో వెనక్కి వచ్చాను. కడుపు నిండా అన్నం తింటూనే.